గుమ్మానికి అడ్డంగా మోడల్ రైలు వంతెన: తరచుగా అడిగే ప్రశ్నలు

గది గోడల వెంబడి మోడల్ రైలు లేఔట్ కట్టుకున్నవారికి ఏదో ఒక రోజు గుమ్మం అడ్డొస్తుంది. పట్టాలు గుమ్మాన్ని దాటాలి, మనుషులు పట్టాలను దాటాలి. రెండూ కుదరాలంటే ఆ రెండున్నర అడుగుల మేర లేఔట్ కదలక తప్పదు. నేను ఇప్పటికి ఇలాంటి వంతెనలు మూడు కట్టాను. మొదటిదాన్ని తొలి వానాకాలం ముగిసేలోపే విప్పేశాను, రెండోదాన్ని సగం మార్చాను, మూడోది ఇప్పటికీ పనిచేస్తోంది. కొత్తగా మొదలుపెట్టినవారు అడిగే సందేహాలు మళ్లీ మళ్లీ అవే వస్తున్నందువల్ల జవాబులన్నీ ఒకచోట చేర్చాను. కొలతలు హెచ్‌ఓ స్కేలుకు, అంటే 1:87 నిష్పత్తికి, రెండు పట్టాల మధ్య దూరమైన 16.5 మిల్లీమీటర్ల గేజ్‌కు ఇచ్చినవి.

## నిర్ణయించుకునే ముందు

కదిలే వంతెన తప్పనిసరా? పలక కింద నుంచి వంగి వెళ్తే సరిపోదా?

లేఔట్ ఎత్తు నాలుగడుగులు దాటి, గదిలోకి రోజుకు ఒకటి రెండుసార్లే వెళ్లేవారైతే వంగి వెళ్లడమే అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, ఎందుకంటే కదలని పట్టాలకు కొత్త జబ్బులు రావు. అయితే ముప్పై ఏళ్ల వయసులో తేలికగా అనిపించిన వంగుడు యాభై దాటాక అలా ఉండదు. చేతిలో టీ గ్లాసుతోనో ఇంజినుతోనో వంగినప్పుడు నడినెత్తికి పలక అంచు తగలడం అందరికీ అనుభవమే. ఇంట్లో పెద్దవాళ్లు చూడటానికి వస్తారనుకుంటే, లేదా ఆ గది పడకగది కూడా అయితే, వంతెన కట్టుకోవడమే మంచిది.

ఎత్తి పక్కన పెట్టేది, పైకి లేచేది, కిందికి వాలేది, తలుపులా తిరిగేది: వీటిలో ఏది మంచిది?

నా ఓటు ఒక కొసన బందులతో పైకి లేచేదానికే. కారణం ఒక్కటే: దాని సొంత బరువే దాన్ని మూసి ఉంచుతుంది. గడియ వేయడం మరిచిపోయినా రైలు వెళ్తుండగా అది తెరుచుకోదు. కిందికి వాలే వంతెనలో ఇది తలకిందులవుతుంది. గడియ జారితే వంతెనతో పాటు దాని మీది బోగీలన్నీ నేల మీదికి జారుతాయి.

ఎత్తి పక్కన పెట్టేది కట్టడం అన్నిటికంటే సులువు. నెలకోసారి మాత్రమే రైళ్లు నడిపేవారికి అది చాలు, కానీ తీసిన ముక్కను ఎక్కడ పెట్టాలన్నది ముందే ఆలోచించుకోవాలి, లేకపోతే అది మంచం మీదికి చేరుతుంది. తలుపులా పక్కకు తిరిగేది చూడటానికి బాగుంటుంది కానీ రెండు చిక్కులున్నాయి. కాలం గడిచేకొద్దీ పాత గేటులా చివర కుంగుతుంది. పైగా 150 మిల్లీమీటర్ల వెడల్పు, 750 మిల్లీమీటర్ల పొడవు ఉన్న పలక తిరిగేటప్పుడు దాని మూల దాదాపు 15 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు వస్తుంది కాబట్టి, తెరుచుకునే కొసను ఏటవాలుగా కోయక తప్పదు. అలా కోసినచోట పట్టాల అతుకు కూడా ఏటవాలుదే అవుతుంది.

పాంబన్ వంతెనలా నిలువునా పైకి లేచేది కట్టవచ్చా?

కట్టవచ్చు, కానీ దారి కోసం కాదు, చూపు కోసం. 1914 నాటి పాత పాంబన్ వంతెనలో నౌకలు వచ్చినప్పుడు షెర్జర్ స్పాన్ (స్తంభాల మధ్య తెరుచుకునే భాగం) రెండు రెక్కలుగా విడిపోయి పైకి లేచేది. 2025 ఏప్రిల్ 6న ప్రారంభమైన కొత్త వంతెనలో 72.5 మీటర్ల స్పాన్ మొత్తం ఒకే ముక్కగా 17 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. హెచ్‌ఓ స్కేలులో ఆ స్పాన్ 83 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా మన గుమ్మానికి సరిపోయే పొడవు. అందుకే చాలామందికి ఆశ పుడుతుంది. అయితే అది లేచే ఎత్తు ఇరవై సెంటీమీటర్లకు కూడా రాదు. మనిషి నిటారుగా దూరాలంటే స్కేలును వదిలేసి పలకను రెండు మూడు అడుగులు పైకి లేపాలి, దానికి నాలుగు మూలలా సమానంగా లాగే తాళ్లు, కప్పీలు, ప్రతిబరువులు కావాలి. ఒక మూల రెండు మిల్లీమీటర్లు వెనకబడినా పలక ఇరుక్కుంటుంది.

పాత వంతెన తరహాలో రెండు రెక్కలు పెట్టాలనుకునేవారికి ఒక హెచ్చరిక: రెక్కలు కలిసే అతుకు గాలిలో ఉంటుంది, దాని కింద ఆధారం ఉండదు. రెండు రెక్కలూ ఒకే ఎత్తులో నిలవడం చిన్న స్కేలులో చాలా కష్టం. రూపం పాంబన్‌దే కావాలంటే, ఒకే ముక్కగా లేచే మామూలు వంతెన కట్టి పక్కన గర్డర్లు, గోపురాలు అలంకారంగా అంటించుకోవచ్చు.

రాజమండ్రి ఆర్చ్ బ్రిడ్జి పెట్టాలని ఉంది. కుదురుతుందా?

గోదావరి మీది ఆ వంతెనలో ఒక్కో స్పాన్ పొడవు సుమారు 97.5 మీటర్లు, హెచ్‌ఓలో 112 సెంటీమీటర్లు. మామూలు గుమ్మానికి అది ఎక్కువ. ఎన్ స్కేలులో (1:160 నిష్పత్తి) అయితే ఒక స్పాన్ 61 సెంటీమీటర్లే కాబట్టి చక్కగా అమరుతుంది. ఆర్చిలను మాత్రం తేలికైన ఫోమ్ షీటుతో చేయాలి. బరువు పెరిగితే ప్రతిసారీ ఎత్తేది మన చెయ్యే.

మా గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. అప్పుడు వంతెన ఎక్కడ పెట్టాలి?

తలుపు తిరిగే మేర నేల మీద సుద్దముక్కతో గీసి, ఆ గీతకు కనీసం 5 సెంటీమీటర్లు ఇవతల వంతెన పెట్టాలి. అంత చోటు లేకపోతే తలుపును బయటికి తెరుచుకునేలా తిప్పించడమో, జారుడు తలుపుగా మార్చడమో మేలు. రైలు నడుస్తుండగా ఇంట్లోవాళ్లు తలుపు తోస్తే జరిగేది చెప్పనక్కరలేదు.

## కొలతలు, సామాను

దారి ఎంత వెడల్పు ఉండాలి?

60 సెంటీమీటర్లు కనీసం, 75 సౌకర్యం. 90 దాటితే పలక కుంగకుండా చూసుకోవడం వేరే పని అవుతుంది.

ఏ కలప వాడాలి? ఎండీఎఫ్ చౌక కదా?

ఎండీఎఫ్ వద్దు. తేమ తగిలితే అంచులు ఉబ్బుతాయి, స్క్రూ పట్టు వదులుతుంది. నా మొదటి వంతెన పోయింది దానివల్లే. ఐఎస్ 710 గుర్తు ఉన్న 18 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్‌తో పై పలక, దాని కింద రెండు పక్కలా 50 మిల్లీమీటర్ల లోతున నిలువు పట్టీలు పెట్టి పెట్టెలా బిగిస్తే, అడ్డంగా గాని మెలికగా గాని వంగదు. అడుగున కూడా సన్నని ప్లైవుడ్ మూస్తే మెలిక ఇంకా తగ్గుతుంది. కోసిన అంచులన్నిటికీ, ముఖ్యంగా కొసలకు, రెండు పూతలు వార్నిష్ వేయాలి. ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల నుంచే.

అయితే అందరూ వంతెన మీదే శ్రద్ధ పెట్టి, అది ఆనే రెండు గట్లనూ మరిచిపోతారు. నాకు కనిపించిన చెడిపోయిన వంతెనల్లో చాలావాటిలో కదిలే ముక్క బాగానే ఉంది, కదలకూడని గట్లే కదిలాయి. గుమ్మానికి అటూ ఇటూ ఉన్న లేఔట్ కొసలను గోడకు ఎల్ యాంగిల్‌తో, నేలకు కాళ్లతో బిగించి, రెండు కాళ్లనూ అడుగున గడప మీదుగా ఒక పలుచని పట్టీతో కలపాలి. చేత్తో నెట్టి చూసినప్పుడు గట్టు ఊగితే, వంతెన ఎంత బాగా కట్టినా వృథా.

వంపులో వంతెన పెట్టవచ్చా?

పెట్టకుండా ఉండటానికి ఎంత ప్రయత్నించాలో అంతా ప్రయత్నించండి. అతుకు దగ్గర పట్టా తిన్నగా ఉండి, కోత పట్టాకు అడ్డంగా మూలమట్టానికి సరిపోవాలి. వంపు తప్పనప్పుడు కనీసం అతుకుకు అటూ ఇటూ ఒక బోగీ పొడవు, అంటే 27 సెంటీమీటర్ల దాకా, పట్టాను తిన్నగా ఉంచాలి. పాయింట్లను, అంటే ఒక పట్టా రెండుగా చీలే చోట్లను, వంతెన మీద గాని, అతుకును ఆనుకుని గాని పెట్టకూడదు.

## కట్టే దశ

బందులు పలక అడుగున బిగించాను. వంతెన లేపుతుంటే పట్టాలు ఒకదానినొకటి తొక్కుతున్నాయి. ఎందుకు?

ఈ ఒక్క తప్పు చేయనివారు అరుదు. పైకి లేచే వంతెనలో బందు తిరిగే ఇరుసు పట్టాల పై అంచు కంటే ఎత్తులో ఉండాలి. ఇరుసు అడుగున ఉంటే, వంతెన లేవడం మొదలవగానే దానికి పైన ఉన్న పట్టా కొసలు వెనక్కు జరిగి, గట్టు మీది పట్టాలలోకి పొడుచుకుంటాయి. ఇరుసు పైన ఉంటే అవే కొసలు ముందుకు, అంటే గట్టుకు దూరంగా జరుగుతాయి.

కాబట్టి పట్టాలకు రెండు పక్కలా, గట్టు మీద ఒక జత, వంతెన మీద ఒక జత టేకు దిమ్మెలు నిలబెట్టి, వాటి పైన బందులు బిగించాలి. బోగీ వెడల్పు హెచ్‌ఓలో సుమారు 37 మిల్లీమీటర్లు కాబట్టి, పట్టాల నడిగీత నుంచి దిమ్మెకు కనీసం 30 మిల్లీమీటర్ల దూరం ఉంచాలి. రెండు బందుల ఇరుసులూ ఒకే సరళరేఖలో ఉండాలి. దీనికి సులువైన ఉపాయం, బిగించేటప్పుడు రెండింటి మీదా ఒక పొడవాటి ఇనుప కడ్డీ ఆనించి చూసుకోవడం. దిమ్మెలు వికారంగా ఉన్నాయనిపిస్తే వాటి మీద గేటుమాన్ గది గోడలు, రాతి స్తంభాలు అంటించి దాచేయవచ్చు.

అవతలి కొసలో మరో లెక్క ఉంది. ఇరుసు ఎత్తులో ఉన్నందువల్ల, వంతెన లేచేటప్పుడు అవతలి కొస ముందు కొంచెం బయటికి పొడుచుకు వచ్చి ఆ తరువాతే వెనక్కు వస్తుంది. ఎంత పొడుచుకు వస్తుందంటే, ఆ కొసలో మనం చూస్తున్న బిందువు ఇరుసు నుంచి ఎంత కిందికి ఉందో ఆ కొలతను వర్గం చేసి, వంతెన పొడవుకు రెట్టింపు సంఖ్యతో భాగిస్తే వచ్చినంత. పొడవు 750 మిల్లీమీటర్లు, పట్టా ఇరుసుకు 25 మిల్లీమీటర్లు కింద అనుకుంటే 625ను 1500తో భాగించాలి: 0.4 మిల్లీమీటర్లు. పట్టాల మధ్య ఖాళీ దానికి చాలు. కానీ అదే కొసలో పలక అడుగు అంచు ఇరుసుకు 65 మిల్లీమీటర్ల కింద ఉంటే, అది 2.8 మిల్లీమీటర్లు ముందుకు వచ్చి గట్టును గుద్దుతుంది. అందువల్ల అవతలి కొసను పై నుంచి కిందికి లోపలికి వాలేటట్టు చిత్రిక పట్టాలి. అడుగున 5 మిల్లీమీటర్లు తగ్గిస్తే ధైర్యంగా ఉండవచ్చు.

ప్రతిసారీ మూసినప్పుడు పట్టాలు ఒకే చోటికి రావాలంటే ఏం చేయాలి?

బందులను నమ్మకూడదు. వాటిలో కాస్త వదులు ఉంటుంది, వాడేకొద్దీ అది పెరుగుతుంది. తెరుచుకునే కొసలో 8 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ ముక్కను, కొసను మొనదేలేలా ఆకురాయితో రుద్ది, నిలువుగా నిలబెట్టాలి. వంతెన దిగేటప్పుడు అది ఇత్తడి గొట్టం ముక్కలో దిగి, పలకను పక్కలకు కదలకుండా పట్టుకుంటుంది. ఎత్తి పక్కన పెట్టే వంతెన అయితే రెండు కొసలా ఇలాంటి సీలలు కావాలి. వాటిలో ఒకటి గుండ్రటి రంధ్రంలో బిగుతుగా దిగితే, రెండోది పొడవు దిశలో కోలగా ఉన్న రంధ్రంలో దిగాలి. రెండూ బిగుతుగా ఉంటే, గాలిలో తేమ మారి కలప కొద్దిగా సాగినా ఒకటి దిగదు. ఒక సీల 8 మిల్లీమీటర్లు, మరొకటి 6 పెడితే వంతెనను తిప్పి పెట్టే పొరపాటు కూడా జరగదు.

ఎత్తు సరిచేయడానికి గట్టు మీద రెండు ఎం6 బోల్టులు తలకిందులుగా నిలబెట్టి, వంతెనను వాటి తలల మీద ఆననివ్వాలి. ఎం6 బోల్టు ఒక చుట్టు తిరిగితే 1 మిల్లీమీటరు లేస్తుంది కాబట్టి, పావు చుట్టుతో పావు మిల్లీమీటరు సరిచేయవచ్చు. బోల్టు తల ఆనేచోట పలకకు చిన్న ఇనుప రేకు బిగించకపోతే అది నెమ్మదిగా చెక్కలోకి దిగిపోతుంది.

పట్టాలను ముందే కోసి అతికించాలా, అతికించాక కోయాలా?

అతికించాకే కోయాలి. వంతెనను మూసి, గడియ వేసి, గట్టు నుంచి గట్టు దాకా ఒకే పట్టాను పరవాలి. కోత పడబోయే గీతకు రెండు పక్కలా రెండేసి ప్లాస్టిక్ స్లీపర్లు తీసేసి, వాటి స్థానంలో రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు పట్టీలను ఎపాక్సీతో అంటించి, వాటి మీద పట్టాలకు టంకం వేయాలి. రెండు పట్టాలూ ఒకదానికొకటి తగిలి షార్ట్ కాకుండా పట్టీ నడుమ రాగి పూతను గీకేయడం మరువకూడదు. ఎపాక్సీ ఒక రాత్రి ఆరిన తరువాత, పలుచని కోత బిళ్ల బిగించిన చిన్న గ్రైండరుతో పట్టాలను నిలువుగా కోయాలి. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, ఆ బిళ్లలు విరిగి ముఖం మీదికి ఎగురుతాయి.

కోసిన తరువాత పట్టా తల లోపలి మూలను, పై అంచును సన్నని ఆకురాయితో ఒకటి రెండుసార్లు మాత్రమే రుద్దాలి. ఆ పైన బొటనవేలి గోరును లోపలి అంచు వెంబడి రెండు దిశలలోనూ జరిపి చూడాలి. గోరు ఆగినచోటే చక్రమూ ఆగుతుంది.

పట్టాల మధ్య ఖాళీ ఎంత ఉంచాలి?

అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా. నికెల్ సిల్వర్ పట్టా మీటరు పొడవున, 25 డిగ్రీల ఉష్ణోగ్రత తేడాకు సుమారు 0.4 మిల్లీమీటర్లు సాగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున బిగుతుగా కోసిన పట్టాలు మే నెల మధ్యాహ్నం కచ్చితంగా తగులుకుంటాయి. కోత పనికి చల్లని రోజు కంటే వేడి రోజే మంచిది.

## కరెంటు

వంతెన మీది పట్టాలకు కరెంటు ఎలా ఇవ్వాలి?

1 చదరపు మిల్లీమీటరు బహుళ తీగల రాగి వైరుతో. బందుల పక్కన వైరును ఒక చుట్టు వదులుగా వదిలి రెండు పక్కలా క్లిప్పు వేస్తే, వేలసార్లు ఎత్తినా తెగదు. ఒకే తీగ ఉండే గట్టి వైరు కొన్ని నెలలకే లోపల విరుగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. పట్టాల అతుకు ద్వారా గాని, బందుల ద్వారా గాని కరెంటు వస్తుందని ఆశపడకూడదు.

వంతెన తెరిచి ఉన్నప్పుడు రైలు కింద పడకుండా ఎలా ఆపాలి?

వంతెనకు రెండు పక్కలా ఉన్న పట్టాలను కొంత మేర మిగతా లేఔట్ కరెంటు నుంచి విడదీసి, వాటికి వెళ్లే కరెంటును ఒక మైక్రోస్విచ్ గుండా పంపాలి. స్విచ్ మీట వంతెన పూర్తిగా దిగినప్పుడు మాత్రమే నొక్కుకోవాలి. నొక్కితే కరెంటు వచ్చేటట్టు కలపాలి గాని, నొక్కితే పోయేటట్టు కాదు. అలా కలిపితే వైరు తెగినా, స్విచ్ చెడినా రైలు ఆగుతుంది తప్ప పడదు.

ఎంత మేర అన్నదే అసలు ప్రశ్న. డబ్ల్యూఏపీ-7 ఇంజిను హెచ్‌ఓలో దాదాపు 24 సెంటీమీటర్లు. ఇంజిను ముందు చక్రాలు చచ్చిన పట్టా మీదికి వచ్చినా, వెనక చక్రాలు బతికున్న పట్టా మీద ఉన్నంతసేపూ అది నడుస్తూనే ఉంటుంది. దీపాలున్న బోగీల చక్రాలు కూడా అతుకు దాటేటప్పుడు క్షణకాలం కరెంటును అటు నుంచి ఇటు చేరవేస్తాయి. జంట ఇంజిన్లు నడిపేవారు ఒక్కో పక్క మీటరుకు తక్కువ పెట్టుకోకూడదు. మొదట్లో నేను 40 సెంటీమీటర్లు చాలనుకున్నాను. ఒక సాయంత్రం జంట ఇంజిన్లలో ముందుది గట్టు అంచు దాటి నాలుగడుగుల కింద టైల్స్ మీద పడింది. కప్లింగ్ ఊడినందువల్ల రెండోది అంచు మీద ఆగింది. పడిన ఇంజిను ముందు చక్రాల ఇరుసు ఈనాటికీ వంకరే.

డీసీసీలో (పట్టాల గుండా డిజిటల్ ఆదేశాలు పంపి ఇంజిన్లను నడిపే పద్ధతి) కీప్ అలైవ్ ఉన్న ఇంజిన్లు కరెంటు పోయినా ఆగడం లేదు. ఏం చేయాలి?

ఆగవు. కెపాసిటర్‌లో నిలవ ఉన్న కరెంటుతో కొన్ని సెకన్లు సాగిపోతాయి. ఇలాంటివాటికి అడ్డుగోడే మందు. వంతెన లేచినప్పుడు గట్టు అంచున పట్టాల మధ్య ఒక చెక్క ముక్క స్ప్రింగుతో పైకి లేచి, వంతెన దిగినప్పుడు దాని బరువుకే కిందికి అణిగేలా చేసుకోవచ్చు. అంత పని వద్దనుకుంటే వంతెన తెరిచే ముందు చేత్తో పెట్టే చిన్న దిమ్మె కూడా పనిచేస్తుంది, పెట్టడం గుర్తుంటే.

వంతెనకు మోటారు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, నేను పెట్టలేదు. గుమ్మంలో మనిషి ఉన్నాడో లేడో మోటారుకు తెలియదు. పెట్టేవారు రెండు కొసలా, కదలిక చివరికి రాగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్‌లు, చేతికి అందే ఎత్తులో ఒక ఆపే బటన్ తప్పక పెట్టాలి.

## వాడుతున్నప్పుడు

వానాకాలం రాగానే వంతెన బిగుసుకుపోతోంది. చిత్రిక పట్టాలా?

తొందరపడి చెక్కకండి. జులైలో చెక్కితే ఏప్రిల్‌లో ఖాళీ మిగులుతుంది. ముందు ఏది తగులుతోందో చూడాలి. వంతెనకూ గట్టుకూ మధ్య ఒక కాగితం ముక్కను జరిపితే అది ఇరుక్కునేచోట తెలుస్తుంది. తగిలేది పలక అయితే అంచున 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా తీసి, వెంటనే వార్నిష్ వేయాలి. తగిలేవి పట్టాలైతే, చాలాసార్లు కారణం కలప ఉబ్బడం కాదు, గట్టు లోపలికి వాలడం. రసమట్టం పెట్టి గట్టును సరిచేస్తే పట్టాలను ముట్టుకోవలసిన పనే ఉండదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉన్నవారు మైక్రోస్విచ్ కొనలు, ఇనుప బందులు తుప్పు పట్టకుండా ఏడాదికోసారి చూసుకోవాలి. బందులు ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో అయితే ఆ బాధ తక్కువ.

ఒకే బోగీ ప్రతిసారీ అతుకు దగ్గర పట్టాలు తప్పుతోంది. తప్పు వంతెనదా, బోగీదా?

ఒకే బోగీ అయితే బోగీదే. దాని చక్రాల మధ్య దూరాన్ని గేజ్ పలకతో కొలవాలి, మిగతా బోగీలకంటే తేలికగా ఉంటే బరువు కలపాలి. వేర్వేరు బోగీలు ఒకే దిశలో వెళ్లేటప్పుడు మాత్రమే తప్పుతుంటే, అతుకులో ఎదురొచ్చే పట్టా కొస కాస్త ఎత్తుగా ఉందని అర్థం. రెండు దిశలలోనూ తప్పుతుంటే పట్టాలు పక్కకు జరిగాయి, ఇత్తడి సీల వదులైందేమో చూడాలి.

చిన్నపిల్లలున్న ఇల్లు. వంతెన పైకి లేపి ఉంచితే ప్రమాదమా?

లేపిన వంతెనను గోడకు ఒక కొక్కెంతో తగిలించకుండా ఎప్పుడూ వదలకూడదు. అయస్కాంతం చాలదు, తలుపు విసురుకు ఊడివస్తుంది. బందుల వైపు వేళ్లు నలిగే సందు ఉంటుంది కాబట్టి దానికి తోలు ముక్కో రెక్సిన్ ముక్కో అడ్డు వేయాలి. మా ఇంట్లో కొక్కెం నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంది. మా అమ్మాయికి ఇప్పుడు అది అందుతోంది కాబట్టి, వచ్చే సెలవుల్లో ఇంకొంచెం పైకి మార్చాలి.